పరగడుపు గ్లాసు

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ ఇంట్లో నేను పడుకుంటే బద్ధకం, లేస్తే పొగరు. రెండింటికీ మధ్య మనిషి ఉండగలిగే చోటు ఇంకేదైనా ఉంటే ఎవరూ చెప్పరు, వెతుక్కోమంటారు.

పొద్దున ఫ్యాను దగ్గర మొదలైంది. నేను ఐదులో పెట్టాను. అమ్మ వచ్చి ఒకటిలోకి తిప్పింది. ఒంటి మీద స్వెట్టరు, దాని మీద శాలువా, కాళ్ళకి నాన్న మేజోళ్ళు. నేనేమో పల్చటి చొక్కాలో చెమటతో ముద్దయి ఉన్నాను. మళ్ళీ ఐదు. మళ్ళీ ఒకటి.

"అమ్మా, ఉడికిపోతున్నాను."

"నాకు ఎముకల్లోంచి చలి వస్తోందే."

"ఈ ఎండలో చలేంటి? నన్ను సాధించడానికి కాకపోతే!"

అంతే. ఆదివారం కదా, అక్క వచ్చి ఉంది. అది ఇలాంటి మాట కోసమే చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. "చూశారా నాన్నా, దీనికి ఉద్యోగం వచ్చాక కళ్ళు నెత్తికెక్కాయి. పోయినేడు మంచం దిగడానికి బతిమాలించుకుంది. ఇప్పుడు ఫ్యాను మీద కూడా దీనిదే పెత్తనం."

నాన్న పేపరు దించకుండానే, "తల్లీ, పెద్దదానితో అలాగేనా మాట్లాడేది?" అన్నారు. పెద్దది అంటే అమ్మో అక్కో తెలియలేదు. ఎవరైనా ఒకటే, తప్పు నాదే కాబట్టి.

పోయినేడు సంగతి మళ్ళీ ఎందుకు? ఎమ్మెస్సీ మధ్యలో వదిలేసి వచ్చాను, నిజమే. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్నాను, అదీ నిజమే. అప్పుడు ఒక్కరైనా "ఏమైందే" అని అడగలేదు. "ఎప్పుడు లేస్తావే" అని మాత్రం అందరూ అడిగారు. చివరికి లేచాను. నా అంతట నేను లేచాను. ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆ గొప్ప కూడా నాకు మిగల్చలేదు. అంతా అమ్మ గ్లాసు మహిమట. పొద్దున్నే తేనె, నిమ్మకాయ, గోరువెచ్చటి నీళ్ళు. "మా అమ్మ పట్టు పట్టి తాగించబట్టే ఇది మనిషైంది" అని అక్క ఎదురింటివాళ్ళకి కూడా చెప్పింది.

సరే. గ్లాసుకి దండ వేసి గోడకి తగిలించండి.

ఫిబ్రవరి 12

గుండె మెడలో కొట్టుకుంటోంది. కుర్చీలో కూర్చునే ఉన్నాను.

ఫిబ్రవరి 15, శనివారం

ఈరోజు పై పన్ను ఒకటి చేశాను. ముందుది. ఇంకెవరైనా చేసి ఉంటే నేనే మెచ్చుకునేదాన్ని.

మా ల్యాబులో కట్టుడు పళ్ళు చేస్తాం. డాక్టర్లు నోటి అచ్చులు పంపుతారు. మేం ప్లాస్టరుతో దవడ పోసి, దాని మీద పళ్ళు కడతాం. అందులో ముందు పన్ను పరీక్ష లాంటిది. పింగాణీ పొడిని నీళ్ళలో తడిపి సన్నటి కుంచెతో పొరలు పొరలుగా ఎక్కించాలి. అంచు దగ్గర నీలంగా మెరవాలి, చిగుళ్ళ దగ్గర కాస్త పసుపు ఉండాలి. ఒక్క పొర అటూ ఇటూ అయినా నోట్లో బొత్తాం పెట్టుకున్నట్టు ఉంటుంది. డిసెంబరులో నేను చేసిన మొదటి పన్ను చూసి యజమాని దాన్ని దీపం కింద ఎంతసేపో తిప్పి, "అమ్మాయ్, నువ్వు ప్లాస్టరు దగ్గర ఉండాల్సిన మనిషివి కాదు" అన్నారు. ఆరోజే నన్ను ముందు పళ్ళ బల్లకి మార్చారు. ఏప్రిల్ దాకా చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు.

ఇవాళ కుంచె వణికింది. కొంచెమే. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని పూర్తిచేశాను. పక్క బల్ల అతను చూశాడు. అతనికి కోరపన్ను ఒకటి బయటికి ఉంటుంది, ల్యాబంతా అతన్ని ఆ పేరుతోనే పిలుస్తుంది. ఊళ్ళోవాళ్ళందరి పళ్ళూ సరిచేస్తాడు కానీ తనది ముట్టుకోడు.

"కాఫీ తగ్గించు" అన్నాడు.

"నేను ఒక్కటే తాగుతాను."

"అయితే కోపం తగ్గించు."

నవ్వొచ్చింది. ఇంట్లో ఎవరైనా అంటే గిన్నె విసిరేదాన్ని.

ఫిబ్రవరి 17

పాత చుడీదారు నడుం దగ్గర నిలవడం లేదు, పిన్ను పెట్టాను. ఇద్దరి తిండి తింటున్నాను, అయినా కరిగిపోతున్నాను. అక్క ఫోను చేసింది. "సన్నబడ్డావట, నిద్రపోవట్లేదట. ఎవడే వాడు?"

ఎవడూ లేడన్నాను. "లేకుండానే ఇంత మెరుపా?" అంది. చెమట అక్కా, అది చెమట.

ఫిబ్రవరి 22, శనివారం

అమ్మ కొత్త పద్ధతి కనిపెట్టింది. పిలిస్తే వెంటనే పలకదు. తలుపు తీయమంటే, నేను రెండుసార్లు గంట కొట్టి, పేరు పెట్టి పిలిచి, తలుపు గుద్దాక, కాళ్ళీడ్చుకుంటూ వస్తుంది. అడిగినదానికి కాసేపాగి జవాబు చెబుతుంది, అదీ బొంగురు గొంతుతో. నిన్న స్టవ్ మీద పాలు పెట్టి కుర్చీలో కునికింది. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది, గ్యాసు వాసన ఇల్లంతా. నేను వచ్చేసరికి అలాగే కూర్చుని ఉంది.

"అమ్మా, ఇల్లు తగలబెడతావా?"

"హా?" అంది. ఆ "హా" కే నా అరికాలి మంట నెత్తికెక్కింది. నేను పరుగెత్తే కొద్దీ తను మెల్లగా నడుస్తుంది. కావాలనే. నా ఉద్యోగం, నా హడావుడి తనకి ఇష్టం లేదని ఇలా చూపిస్తోంది. మొహం కూడా ఉబ్బించుకుని తిరుగుతోంది. అలక పెట్టుకుంటే మొహం ఉబ్బుతుందని వినడమే కానీ నిజంగా ఉబ్బడం ఇదే చూడటం.

గ్లాసు మాత్రం మరిచిపోదు. ప్రపంచం తలకిందులైనా పొద్దున్నే నా మంచం పక్కన ఉంటుంది. తాగేదాకా కదలదు. తాగాక, "అరగంట ఆగు. కాఫీ అప్పుడే వద్దు, ఏమీ తినకు" అంటుంది. ఆ ఒక్క మాటా తడుముకోకుండా చెబుతుంది.

మార్చి 3

పన్ను జారిపోయింది.

భట్టీలోంచి తీసిన ముందు పన్ను, ఎవరో పెళ్ళికూతురిది, రేపే కావాలి. పట్టకారులోంచి జారి నేల మీద రెండు ముక్కలైంది. యజమాని కేకలేయలేదు. వేసి ఉంటే బాగుండేది. "చేయి చాపు" అన్నారు. చాపాను. దాని మీద ఒక కాగితం పెట్టారు. కాగితం రెపరెపలాడింది. అందరూ చూశారు.

"డాక్టరు దగ్గరికి వెళ్ళు. తేలేదాకా ముందు పళ్ళు వద్దు."

కోరపన్ను నా బల్ల మీది కుంచెలు కడిగి పెట్టాడు. జాలి అంటే నాకు పరమ చిరాకు. ఎవరైనా నా కుంచెలు ముట్టుకుంటే ఇంకా చిరాకు.

మార్చి 5, బుధవారం

నాది పొగరు కాదు. పొగరు కాదు. పొగరు కాదు.

థైరాయిడ్. డాక్టరమ్మ రక్తం రిపోర్టు చూసి తేల్చేసింది. హార్మోను ఆకాశంలో ఉంది, టీఎస్‌హెచ్ పాతాళంలో ఉంది. చేయి వణకడం, చెమట, గుండె దడ, బక్కచిక్కడం, చిటపటలాడటం, అన్నీ దానివే. గుండె నిమ్మళించడానికి ఒక మాత్ర రాసింది. ఎందుకొచ్చిందో తేల్చడానికి స్కాన్ చేయాలంది.

ఎమ్మెస్సీలో నేను చదివినదే ఇది. గొంతు ముందు సీతాకోకచిలుకలా అతుక్కుని ఉండే గ్రంథి. రక్తంలోంచి అయోడిన్ ఏరుకుని, దాన్ని ఒక ప్రోటీనుకి తగిలించి, హార్మోను తయారుచేసి దాచుకుని, కొంచెం కొంచెం వదులుతుంది. ఒంట్లో ప్రతి కణం ఎంత వేగంగా మండాలో చెప్పేది అదే. ఆ గ్రంథి మీద అజమాయిషీ మెదడు కింద బఠాణీ గింజంత ఉన్న ఇంకో గ్రంథిది. హార్మోను తగ్గితే టీఎస్‌హెచ్ పంపి "చెయ్యి" అంటుంది. ఎక్కువైతే పంపడం ఆపేస్తుంది. పైకో బాణం, కిందికో బాణం. పరీక్షల్లో ఎన్నిసార్లు గీశానో ఆ బొమ్మ. మార్కులు కూడా పడ్డాయి.

ఇంటికొచ్చి రిపోర్టు బల్ల మీద పరిచాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "అయితే అమ్మ జబ్బే నీకూ వచ్చిందన్నమాట."

"అమ్మది తక్కువ నాన్నా, నాది ఎక్కువ." అమ్మకి గ్రంథే లేదు. గడ్డ అని నేను స్కూల్లో ఉండగానే తీసేశారు. మెడ కింద గీత ఉంటుంది. అప్పటినుంచి పొద్దున్నే రెండు మాత్రలు వేసుకుంటుంది. గ్రంథి చేయాల్సిన పని ఆ మాత్రలు చేస్తాయి.

అమ్మ కాగితం వైపు చూడను కూడా లేదు. "ఎక్కువేంటి?" అంది బొంగురుగా. "డాక్టర్లకేం తెలుసు. చక్కగా తిరుగుతోంది పిల్ల."

నా జీవితంలో మొదటిసారి నాకు జబ్బుందని రుజువు దొరికితే, కన్నతల్లికి నేను బాగున్నానట.

మార్చి 11, మంగళవారం

తోడుగా అక్కని తీసుకెళ్ళడం నా బుద్ధితక్కువ.

చేతి నరంలోకి ఏదో మందు ఎక్కించి మెడ మీద కెమెరా పెట్టారు. పనిచేసే గ్రంథి ఆ మందుని లాక్కుని వెలుగుతుందట. హార్మోను అంత ఉంటే కాగడాలా వెలగాలి. నాది చీకటి. సీతాకోకచిలుక లేదు, రెక్కా లేదు. నల్లటి కాగితం.

డాక్టరమ్మ స్వరం మారింది. "చూడమ్మా, వాపు వచ్చినా ఇలా చీకటిగానే ఉంటుంది. కానీ వాపైతే గ్రంథిలో దాచుకున్న ప్రోటీను రక్తంలోకి పొంగిపోవాలి. నీకు అది అడుగంటింది. అంటే నీ గ్రంథి ఏమీ చేయడం లేదు. పడుకుంది. హార్మోను బయటినుంచి వస్తోంది."

"బయటినుంచి అంటే?"

"నోటినుంచి." నా వైపే చూసింది. "సన్నబడటానికి చాలామంది ఆడపిల్లలు ఈ పని చేస్తారు. ఇంట్లో ఎవరైనా థైరాయిడ్ మాత్రలు వాడతారా?"

నేను నోరు తెరిచే లోపే అక్క అందించింది. "మా అమ్మ వాడుతుంది."

"అదీ సంగతి. పైగా పద్ధతిగా వేసుకుంటున్నట్టున్నావు. పరగడుపున వేసుకుని అరగంట ఏమీ తినకపోతేనే అవి ఇంత బాగా పడతాయి. ఆపేయమ్మా. గుండెకి మంచిది కాదు."

నేను వేసుకోవట్లేదన్నాను. ఇంకోసారి అన్నాను. మూడోసారి అరిచాను. అరవడం కూడా జబ్బు లక్షణమే కదా, డాక్టరమ్మ తల ఊపింది.

ఇంటికి వచ్చాక అక్క ఆగలేదు. "కన్నతల్లి మందులు దొంగిలించి మింగుతోంది నాన్నా, ఒంపుసొంపుల కోసం!"

నాన్న అమ్మ మాత్రల సీసా తెచ్చి బల్ల మీద బోర్లించి లెక్కపెట్టారు. సరిగ్గా ఎన్ని ఉండాలో అన్నీ ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు. నేను "చూశారా" అన్నాను. అక్క వెంటనే, "అయితే బయట కొంటోంది" అంది. నాన్న నా హ్యాండ్‌బ్యాగు అందుకుని జిప్పు తీశారు. దువ్వెన, బస్ పాస్, మైనం చెక్కే చాకు బయటికొచ్చాయి. ఇరవై నాలుగేళ్ళ మనిషి సంచీ.

అమ్మ శాలువా కప్పుకుని మూల కుర్చీలో కూర్చుని అంతా చూసింది. చాలాసేపటికి, "వదిలేయండి పిల్లని" అంది.

ఇంత రభసలో నా పక్షాన వచ్చిన మాట అదొక్కటే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ చేయి పట్టుకున్నాను. చల్లగా, మందంగా, చెక్కలా ఉంది.

మార్చి 12

ఎవరూ మాట్లాడట్లేదు. గ్లాసు మాత్రం వచ్చింది. తాగాను. అమ్మ ఒక్కతే నన్ను నమ్మింది, తాగకపోతే ఎలా?

మార్చి 14, శుక్రవారం

తాగలేదు.

పొద్దున గ్లాసు నోటి దగ్గర ఉంది. "తాగి అరగంట ఆగు, కాఫీ అప్పుడే..." అంటోంది అమ్మ. డాక్టరమ్మ గొంతు, అమ్మ గొంతు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పరగడుపున. అరగంట. ఏమీ తినకుండా.

తేనెనీళ్ళకి ఆ నియమం ఎందుకు?

గ్లాసు దించాను. కిటికీ వెలుతురులో పట్టి చూశాను. అడుగున నిమ్మ పిప్పి, తొనల కింద తెల్లటి పొడి. రోజూ ప్లాస్టరు, పింగాణీ పొడులు కలిపే నా చేతికి, నీళ్ళలో సరిగా కరగని పొడి ఎలా ఉంటుందో ఒకరు చెప్పాలా?

తలెత్తి అమ్మ మొహం చూశాను. ఎన్ని నెలల తర్వాత చూశానో. కనురెప్పలు నీళ్ళు నిండిన సంచుల్లా ఉన్నాయి. కనుబొమల చివరలు రాలిపోయాయి. ఒళ్ళు పాలిపోయి పసుపు తిరిగింది. అలక కాదు అది. హార్మోను తగ్గితే కనిపించే లక్షణాలంటూ పరీక్షలో నేను రాసిన జాబితా అంతా ఎదురుగా శాలువా కప్పుకుని నిలబడి ఉంది.

"అమ్మా, నీ మాత్రలు నాకు వేస్తున్నావా?"

తను తడబడలేదు. దాచలేదు. మంచం అంచున కూర్చుంది.

"మొదట్లో ఒకటే వేశాను. నాకు రెండు కదా. నీకొకటి, నాకొకటి."

"మొదట్లో అంటే?"

"నువ్వు పడుకున్నప్పుడు. నీ కాళ్ళు ముట్టుకుంటే చల్లగా ఉండేవి. ఆపరేషనయ్యాక మాత్ర సరిపడని రోజుల్లో నావీ అలాగే ఉండేవి. నేనూ అలాగే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఏడుపు కూడా వచ్చేది కాదు. నీది చూస్తే నాది చూసుకున్నట్టే ఉంది."

"నాకు టెస్టు చేయించారుగా. అంతా బాగుందన్నారుగా."

"కాగితానికేం తెలుసే? కన్నది నేను."

"మరి తర్వాత?"

"లేచావు. మళ్ళీ ఒక నెలకి డీలాపడ్డట్టు కనిపించావు. ఇంకో సగం కలిపాను. నాకు సగం చాలనుకున్నాను. నేనేం ఉద్యోగానికి వెళ్ళాలా? కూర్చునే పనేగా."

సీసా లెక్క అందుకే తప్పలేదు. రోజూ రెండే ఖర్చయ్యాయి.

"మొన్న నాన్న నా సంచీ వెతుకుతుంటే కూర్చుని చూశావే అమ్మా! దొంగనన్నారు నన్ను."

"చెబితే ఆపించేస్తారు" అంది. అంతే, అదే కారణం. "ఆపితే మళ్ళీ మంచమెక్కుతావు. దొంగ అనిపించుకుంటే ఏం పోయింది? తిరుగుతున్నావుగా. పనిచేసిందిగా!"

పనిచేసిందిగా. ఆ మాట చెప్పేటప్పుడు ఉబ్బిన మొహంలో ఎంత గర్వమో. నేను పన్ను దీపం కింద తిప్పి చూసుకున్నప్పటి గర్వమే అది. నన్ను తను చేసిందట.

గ్లాసు సింకులో ఒంపేశాను. కడిగాను. మళ్ళీ కడిగాను.

మార్చి 19, బుధవారం

గ్లాసు సంగతి ఇంట్లోనూ డాక్టరమ్మకీ చెప్పి అమ్మకి రక్తం టెస్టు చేయించాను, రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే స్పృహ తప్పి పడిపోయేదట. రెండు మాత్రలూ నాన్న చేత్తో, నాన్న కళ్ళెదుట వేయించమంది. నాతో "సారీ అమ్మా" అంది. మొత్తం ఈ వ్యవహారంలో ఆ మాట అన్నది ఆవిడొక్కతే, జీతానికి పనిచేసే పరాయి మనిషి.

ఇంట్లో సభ జరిగింది. నాకు తెలిసి నేను ఫిర్యాదీని. సభ ముగిసేసరికి ముద్దాయిని.

అక్క కళ్ళు తుడుచుకుంటూ, "తన ప్రాణం తీసి నీ నోట్లో పోసింది. నువ్వేమో చలి అంటే సాధింపు అన్నావు, పలక్కపోతే అలక అన్నావు."

"నాకు చెప్పకుండా మందు పోసింది అక్కా."

"మందేగా, విషం కాదుగా."

"నా గుండె..."

"అమ్మ గుండె సంగతేంటి?"

నాన్న అందరికీ నీళ్ళు తెచ్చారు. సంచీ మాట ఎత్తలేదు. నేను ఎత్తితే, "అయిపోయిందిగా తల్లీ" అన్నారు. ఎవరికి అయిపోయిందో.

అమ్మ మధ్యలో మహరాణిలా కూర్చుంది. ఎదురింటావిడ అరటిపళ్ళు పట్టుకుని చూడటానికి వచ్చింది. వెళ్తూ నా గడ్డం పట్టుకుని, "ఇలాంటి తల్లి దొరకాలమ్మా" అంది.

దొరికింది. వదిలించుకోవడమే తెలియట్లేదు.

మార్చి 20

డాక్టరమ్మ విడిగా చెప్పింది రాసుకోవాలి. ఇన్నాళ్ళు బయటినుంచి హార్మోను దండిగా వచ్చింది కాబట్టి పైన ఉన్న గ్రంథి ఆర్డర్లు పంపడం మానేసింది, కింద ఉన్నది పని మానేసింది. ఇప్పుడు బయటిది ఆగింది. ఒంట్లో ఉన్నది మెల్లగా ఖర్చయిపోతుంది. పైదానికి మెలకువ రావాలి, కిందిదాన్ని లేపాలి. దానికి కొన్ని వారాలు పట్టొచ్చు. ఆ వారాల్లో మందకొడిగా ఉంటుంది, నిద్ర వస్తుంది, చలేస్తుంది, దిగులుగా ఉంటుంది. "భయపడి మాత్ర వేసుకోకు. వేసుకుంటే అది ఎప్పటికీ లేవదు. అవసరం లేదనుకుని పడుకునే ఉంటుంది. నేను టెస్టు చేసి చూస్తూ ఉంటాను."

ఎంత కుదిరిన మాట. అవసరం లేదనుకుని పడుకునే ఉంటుంది.

ఏప్రిల్ 6, ఆదివారం

చెయ్యి వణకడం లేదు. రాయిలా నిలబడుతోంది. అందుకు సంతోషించాలి.

పొద్దున లేవలేకపోయాను.

ఏప్రిల్ 8

ఫ్యాను ఒకటిలో పెట్టాను. అమ్మ ఐదులోకి తిప్పింది. పాపం, ఉక్కపోస్తోందట. మొహం దిగింది, గొంతు తేటపడింది. గరిటె తిప్పుతూ కూనిరాగం తీస్తోంది. నేను శాలువా వెతుక్కున్నాను. అమ్మదే దొరికింది.

ఏప్రిల్ 11, శుక్రవారం

యజమాని నన్ను ప్లాస్టరు బల్లకి పంపారు. "నిదానించావు అమ్మాయ్. ఒంట్లో సర్దుకోనీ, చూద్దాం." ఏప్రిల్‌లో ఖాయం చేస్తానన్న మాట ఆయనకీ గుర్తుంది, నాకూ గుర్తుంది. ఇద్దరం దాని చుట్టూ తిరిగి వెళ్ళిపోయాం.

రోజంతా దవడలు పోశాను. ఎవరెవరివో దవడలు, పళ్ళున్న చోట గుంటలు. మధ్యాహ్నం బీరువా తీసి డిసెంబరులో నేను చేసిన మొదటి పన్ను నమూనా చూశాను. అంచున ఆ నీలం. అప్పటికి నాకు ఒక మాత్రా? ఒకటిన్నరా? ఆ నీలం ఎవరిది?

ఇదీ నన్ను తొలిచేస్తున్నది. గుండె కాదు, దొంగతనం నింద కాదు. పోయినేడు గోడవైపు తిరిగి పడుకున్న మనిషి నేనా, డిసెంబరులో పన్ను చేసిన మనిషి నేనా? మాత్ర లేకుండా నేనెంత? అమ్మ జవాబు అమ్మ దగ్గర సిద్ధంగా ఉంది. నా దగ్గర లేదు.

కోరపన్ను టీ ఇచ్చి పక్కన కూర్చున్నాడు. "నీ పన్ను ఎందుకు సరిచేసుకోవు?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని.

"మా ఇంట్లో అందరూ సరిచేసుకోమంటారు. అందుకే" అన్నాడు. టీ ఊదుకుంటూ, "వెనక సందులో కుట్టుమిషన్ల షాపు మీద గది ఖాళీ అయింది. మా అత్తదే. మెట్లు కొంచెం నిటారు."

నేను అడగలేదు. అయినా చెప్పాడు.

ఏప్రిల్ 13, ఆదివారం

కాఫీ కప్పు పక్కన సాసరులో మాత్ర. సగం. చక్కగా మధ్యకి విరిచి పెట్టింది.

"ఇప్పుడు చెప్పే ఇస్తున్నానుగా" అంది అమ్మ. "దాపరికం లేదు. నాది నేను వేసుకున్నాను, మీ నాన్న చూశారు. ఇది వేరే సీసా."

వేరే సీసా. నాన్న కొన్నారు. నా కోసం.

"డాక్టరు వద్దంది నాన్నా."

ఆయన అక్క వైపు చూశారు. అక్క ఎదురుగా కూర్చుని ఉంది, ఆదివారం కదా. "సగమేగా. నీ మొహం చూసుకో అద్దంలో, పోయినేడు మొహం తిరిగి వచ్చింది. మళ్ళీ ఆ మంచం చాకిరీ మా వల్ల కాదు."

"కొన్ని వారాలక్కా. గ్రంథి దానంతట అది లేవాలి."

"లేవకపోతే?"

అమ్మ వంగి నా పాదం ముట్టుకుంది. "చూశావా, చల్లగా" అంది. ఆ గొంతులో ప్రేమ లేదని నేను అనను. ఉంది. గెలుపు కూడా ఉంది. రెండూ ఒకే చేతిలో ఉన్నాయి, ఆ చేయి నా కాలు పట్టుకుని ఉంది.

ఏప్రిల్ 15

మళ్ళీ సాసరు. మళ్ళీ సగం. నేను ముట్టుకోలేదు. సాయంత్రానికి అక్కడే ఉంది. ఎవరూ తీయలేదు. దాని చుట్టూ తుడిచారు.

ఏప్రిల్ 17, గురువారం

ఇవాళ ఒక క్షణం చేయి సాసరు మీదికి వెళ్ళింది. నిజం. ల్యాబుకి వెళ్ళాలి, కాళ్ళు సీసంలా ఉన్నాయి, తల నిండా దూది. సగమే కదా అనిపించింది. రేపు ముందు పళ్ళ బల్ల, ఎల్లుండి పొగడ్త. అమ్మ వంటింటి గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆ బిగబట్టిన ఊపిరి వినిపించి చేయి వెనక్కి తీసుకున్నాను.

ల్యాబుకి ఆలస్యంగా వెళ్ళాను. వెనక సందుకి వెళ్ళాను. మెట్లు నిజంగానే నిటారు. మధ్యలో ఆగి కూర్చోవాల్సి వచ్చింది. గదిలో ఒక మంచం, ఒక కిటికీ, కింద మిషన్ల చప్పుడు. మంచాన్ని గోడ నుంచి జరిపాను. అయినా ఏదో ఒక గోడ వైపు తిరగక తప్పదు.

కోరపన్ను వాళ్ళ అత్త, "ఒంట్లో బాగాలేదా?" అంది.

"బాగాలేదు" అన్నాను. ఆవిడ తాళంచెవి ఇచ్చింది.

ఏప్రిల్ 18, శుక్రవారం

చెప్పాను. అక్క విశ్వాసం లేని దానా అంది. నాన్న పేపరు దించారు. అమ్మ, "అక్కడ పడిపోతే ఎవరు చూస్తారు?" అంది. ఎవరూ చూడరు. దాని కోసమే.

రేపు వెళ్తున్నాను. మాత్ర వేసుకోను. నా గ్రంథి లేస్తే లేస్తుంది, లేవకపోతే డాక్టరమ్మకి చెబుతాను, అమ్మకి చెప్పను. ఈ ఇంట్లో ఇంకెవరి చేతి గ్లాసూ తాగను.